అన్నమును నివాసమును ఒక్క కంట

1939లో మద్రాసు ప్రభుత్వము ప్రజారోగ్య చట్టమును చేసిననాడు, దత్తమండలములలో నొకటియైన కడప జిల్లా యా ప్రభుత్వము క్రిందనే యుండెను. భారతదేశమున నట్టి సమగ్ర శాసనములలో నదియే మొదటిది. త్రాగునీరు, మురుగు, దోమలు, అంటువ్యాధులు, బసగృహములు, తిరునాళ్ళు, ఆహారపదార్థములు, నివాసయోగ్యములు కాని యిండ్లు, వీనినన్నింటి నొక్క శాసనమున జేర్చి, పరీక్షాభారమును స్థానికారోగ్యాధికారులపై నుంచుటలో గొప్ప వివేకము గలదు.

ఆ జిల్లాలోని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల పాత మిద్దెలను చూచినవారికి ఆ వివేకము సులభముగ బోధపడును. నాపరాళ్ళు పరచి, పైన మట్టి దట్టించి కట్టిన యా మిద్దెలు వేసవితాపమును కొంత యాపును గాని, ఇరుకుసందులలో వెనుకగోడకు కిటికీ లేక, నెత్తిమీది గవాక్షియే వెలుగునకు దారియైన గదులలో పొగయు చెమ్మయు నిలిచిపోవును. గుంతమగ్గమున్న చేనేతయింట నేతయు, వంటయు, నిద్రయు నొక్క కప్పు క్రిందనే సాగును. క్షయ గాలిద్వారా వ్యాపించు వ్యాధి. గాలి యాడని గదిలో దగ్గుచున్న రోగి యొక్కడుండిన, తక్కినవారికందరికిని ముప్పే. అట్టి యింటనే పిండి రుబ్బి, వీధిమొగమున దోసెలు పోసి జీవించు కుటుంబము విషయమున, ఇంటి శుభ్రత వేరు, అన్నపు శుభ్రత వేరు అని యెవరు విభజింపగలరు?

చట్టము మాత్రము విభజించినది. 1954 నాటి ఆహారకల్తీ నిరోధక చట్టములో స్థానికారోగ్యాధికారికి పాత్ర యుండెను. దాని స్థానమున వచ్చి, 2011 ఆగస్టు 5 నుండి అమలైన 2006 నాటి ఆహారభద్రతా ప్రమాణముల చట్టము, తనిఖీని రాష్ట్ర ఆహారభద్రతా కమిషనరు క్రిందకు మార్చెను. ఇండ్లు, మురుగుకాలువలు, చెత్త పురపాలక సంఘముల వంతుగనే మిగిలెను. శాస్త్రీయత పెరిగినమాట నిజమే. కాని ప్రతిదినము వీధి తిరిగి కంటితో చూచువాడొకడు, నమూనా తీయగలవాడు వేరొకడు నైనందున, చూచినది పరీక్షకు జేరుట ఆలస్యమగుచున్నదని నా యభిప్రాయము.

పరీక్షింపవలసినవి ఈ సీమలో తక్కువ కాదు. వానలు ముఖము చాటుచేసిన యేట, ఎండదెబ్బ తిన్న వేరుశనగకాయలో ఆస్పర్జిల్లస్ అను బూజు చేరి, అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండున వేలకొలది టర్కీకోళ్ళు చనిపోగా, వాని మేతలోని వేరుశనగపిండిని పరీక్షించి శాస్త్రజ్ఞులు దీనిని కనుగొనిరి. కాలేయమునకు కేన్సరు తెచ్చు నీ విషము మామూలు వంటవేడికి పూర్తిగ నశింపదు, కంటికి కనబడదు, ప్రయోగశాలయే చెప్పవలెను. పులివెందుల అరటితోటల వారికిని, మండీల వారికిని తెలిసిన సంగతి మరొకటి: కాల్షియం కార్బైడుతో పండ్లు మాగబెట్టుట నిషిద్ధము, దానిలో ఆర్సెనిక్, భాస్వరముల జాడలుండును గనుక, పరిమితికి లోబడి యిథిలీన్ వాయువును వాడుట మాత్రము చట్టసమ్మతము. ఇక బంగారమునకు, బట్టలకు దూరప్రాంతములనుండి ప్రొద్దుటూరు వచ్చువారు ఉగ్గానితో నంజుకొను మిరపకాయ బజ్జీల మాట. మరల మరల కాచిన నూనెలో ధ్రువపదార్థముల మొత్తము నూటికి 25 పాళ్ళు దాటినచో ఆ నూనె వాడరాదని నియమము. దానిని కొలుచు చేతిపరికరమున్నది.

ఇట్టివానిని తేల్చుటకు, 2006 నాటి చట్టము ప్రకారము, కమిషనరు క్రింది ఆహారభద్రతాధికారి తీసిన నమూనాను నాలుగు భాగములు చేయవలెను. విశ్లేషకుడు 14 దినములలో నివేదిక యీయవలెను. అంతకన్న ముఖ్యమైనది, చాలమంది యెరుగనిది, కొనుగోలుదారుని హక్కు. సరుకు కొనునప్పుడే "దీనిని పరీక్షకు పంపుదును" అని వర్తకునికి తెలిపి, రుసుము చెల్లించి, ఎవరైనను విశ్లేషణ చేయించుకొనవచ్చును. దోషము తేలినచో ఆ రుసుము తిరిగి వచ్చును.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పట్టణములలో పారిశుద్ధ్యోద్యోగియు ఆహారభద్రతాధికారియు నెలకొకమారైనను గలిసి వీధులు తిరిగి, వంటిండ్లను, వాని వెనుకనున్న వాసగృహములను ఒక్క పర్యటనలోనే చూచునట్లు పురపాలక సంఘములు ఏర్పాటు చేయవలెను. పాఠకులారా, మీ వార్డు సభ్యుని ఈ విషయమై అడుగుడు.