మాజీ సైనికుల వైద్యశాలలో ఎముకల వైద్యశిక్షణ

వైద్యవిద్యకై అమెరికాకు వెళ్ళిన మన తెలుగు యువకులు ఇంటివారితో మాట్లాడునపుడు "ఈ నెల వి.ఏ.లో ఉన్నాము" అని చెప్పుట కలదు. విన్న తల్లిదండ్రులకు ఆ రెండక్షరములు ఏదో ఊరిపేరువలె తోచును. అది ఊరు కాదు. అమెరికా ప్రభుత్వము మాజీ సైనికుల కొరకు నడుపుచున్న వైద్యశాలల వ్యవస్థకు పొట్టిపేరు. ఎముకలు, కీళ్ళ శస్త్రవైద్యము నేర్చుకొను రెసిడెంటు వైద్యులనేకులు తమ ఐదేండ్ల శిక్షణలో కొన్ని మాసములు అచ్చట గడుపుదురు. దేశము కొరకు దేహమును కష్టపెట్టుకొనిన వానిపై, ఇంకను నేర్చుకొనుచున్న వైద్యుని చేయి పెట్టించుట న్యాయమా యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. మాకును కలిగినది. దానికి సమాధానము ఆ వైద్యశాల నడచు తీరులోనే ఉన్నది గనుక, ఆ తీరును కొంత వివరింపదలచితిమి.

రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సైన్యమున పనిచేసినవారు 1 కోటి 60 లక్షలకు పైబడి యుండిరి. కాలో చేయో పోగొట్టుకొనినవారే సుమారు 15,000 మంది. వీరిని చూడవలసిన ప్రభుత్వపు ఆసుపత్రులలో వైద్యులు చాలకుండిరి. ఆ ఆసుపత్రులలో అనేకము వైద్యకళాశాలలకు దూరముగా నుండుటచే, ఉన్న వైద్యులకును కొత్త విద్యతో పరిచయము తగ్గిపోయినది. 1945లో ఆ శాఖకు అధిపతిగా వచ్చిన జనరల్ ఓమర్ బ్రాడ్లీ, ఆయన వైద్యాధికారి పాల్ హాలీ, షికాగోలో ప్రసిద్ధుడైన ఎముకల వైద్యుడు పాల్ మాగ్నసన్ కలసి ఒక ఉపాయమును ఆలోచించిరి. 1946 జనవరి 3న ఆ ఆసుపత్రులకు ప్రత్యేక వైద్యవిభాగము నేర్పరచు చట్టము వచ్చెను. అదే నెల 30న వెలువడిన ఉత్తరువు వైద్యకళాశాలలతో పొత్తునకు దారి తెరచెను. ఆచార్యులును, వారి వెంట రెసిడెంట్లును మాజీ సైనికుల ఆసుపత్రులకు వచ్చిరి. రోగికి కళాశాల విద్య దొరకెను. కళాశాలకు నేర్పుటకు చోటు దొరకెను. ఆ పొత్తు నేటికిని నిలిచియున్నది. అమెరికా వైద్యులలో నూటికి సుమారు 70 మంది ఏదో ఒక దశలో తమ ఆసుపత్రులలో నేర్చినవారేయని ఆ శాఖవారు చెప్పుదురు.

ఎముకల వైద్యమనగానే మనకు ఉలి, సుత్తి, మేకులు మనస్సునకు వచ్చును. కాని రెసిడెంటు నేర్చుకొనవలసిన దానిలో చాల భాగము కత్తి పట్టుటకు ముందే యున్నది. ఒక ఉదాహరణము చెప్పెదము. డెబ్బదియేండ్ల మాజీ సైనికుడొకడు మోకాలు నొప్పియని వచ్చెననుకొందము. మొదట రెసిడెంటు ఒక్కడే గదిలోనికి పోవును. నొప్పి ఎంతయని అడిగినచో సైనికుడు "ఫరవాలేదు" అనును. అది ఆ వృత్తి నేర్పిన అలవాటు. అందుచే "మెట్లు ఎక్కగలరా? రాత్రి నిద్ర పట్టునా? బూట్లు మీరే తొడుగుకొనగలరా?" అని పనులను గూర్చి అడుగవలెను. కుర్చీనుండి లేచి నాలుగడుగులు నడచునపుడు చూడవలెను. పిమ్మట కాలును కన్నులతో పరిశీలించి, చేతితో తాకి, కీలును కదలించి చూడవలెను. ఎక్స్‌రే నిలుచుండబెట్టి తీయింపవలెను. పండుకొనియున్నపుడు ఎముకల నడుమ సందు ఉన్నట్లే కనబడును; బరువు మోపినపుడు గాని మృదులాస్థి అరిగిన సంగతి బయటపడదు.

తరువాత రెసిడెంటు వెలుపలికి వచ్చి, పర్యవేక్షించు పెద్ద డాక్టరునకు రెండు మూడు నిమిషములలో సంగతి చెప్పును. ఆయన అడుగు ప్రశ్న ఒక్కటే: "నీవైతే ఏమి చేయుదువు?" కుఱ్ఱవాడు మోకాలు మార్చవలెననెను. పెద్ద డాక్టరు గదిలోనికి పోయి, మోకాలిని ముట్టకయే, తొడను లోపలివైపునకు త్రిప్పెను. రోగి మోకాలు పట్టుకొని మూలిగెను. అరిగినది తుంటి. తుంటికిని మోకాలికిని శాఖలిచ్చు నాడి యొకటే యగుటచే, నొప్పి పుట్టినచోట గాక వేరొకచోట తెలియుట కలదు. నొప్పియున్న కీలునకు పైదానిని, క్రిందిదానిని కూడ చూడవలెనను సూత్రమును ఆ రెసిడెంటు పుస్తకములో ఎన్నిమార్లు చదివియుండునో! పెద్ద డాక్టరు తాను స్వయముగా రోగిని చూడక, విన్నదానిపై తల యూచియున్నచో, దోషములేని మోకాలు కోతకు గురియయ్యెడిది. నేర్చుకొనువాని తప్పునకు రోగి వెల చెల్లింపకుండ కాపాడునది ఈ రెండవ పరీక్షయే.

శస్త్రచికిత్స అవసరమే యైనను నేడే చేయవలెనా యను ప్రశ్న మిగిలియుండును. మాజీ సైనికులలో వయసు మీరినవారు, మధుమేహము, గుండెజబ్బు, పొగత్రాగు అలవాటు ఉన్నవారు అనేకులు. చక్కెర అదుపులో లేనిచో పుండు మానదు. పొగ మానని వానికి ఎముక అతుకుట ఆలస్యమగును. కీలులో స్టెరాయిడు సూది వేసినచో కొన్ని దినములు చక్కెర పెరుగును. వేసిన మూడు మాసములలోపల కీలు మార్చినచో చీము పట్టు ప్రమాదము హెచ్చును. కాబట్టి "ఆరు వారములు వ్యాయామము చేసి రండి" అని చెప్పుటయు శిక్షణలో భాగమే. కత్తి నేర్చుకొనవలెనని ఉవ్విళ్ళూరు యువకునకు ఇది కొంత చప్పగానుండును.

కాలు పోగొట్టుకొనినవారి విషయములో రోగియే గురువు. మొండి పరిమాణము ఒకేరీతిగా నుండదు. ఉదయమునకు సాయంకాలమునకే తేడా వచ్చును. కృత్రిమపాదపు గిన్నె వదులైనపుడు మేజోళ్ళు ఎన్ని జతలు తొడుగవలెనో, ఏ ఎఱ్ఱమచ్చ పుండుగా మారునో ఇరువదియేండ్లుగా నడచినవానికి తెలిసినంత కొత్త వైద్యునకు తెలియదు. ఆ కాలు తయారుచేయు నిపుణుడును, వ్యాయామము చేయించువాడును దగ్గరలోనే యుండుటచే, రెసిడెంటు వారి ప్రక్కన నిలిచి నేర్చుకొనగలడు.

శస్త్రచికిత్సలో బాధ్యత మెట్టుమెట్టుగా వచ్చును. మొదట పట్టుకారు పట్టుట, పిమ్మట కుట్లు వేయుట, తరువాత సులువైన విరుగుళ్ళు, చివర కీళ్ళు. పర్యవేక్షకుడు ఎంత దగ్గరలో నుండెనో రికార్డులో వ్రాయవలెను. తన చికిత్సలో ఎవరెవరు పాల్గొందురో రోగికి ముందుగా చెప్పవలెను. కొన్ని పాఠములకు మాత్రము మెట్లు లేవు. ప్లాస్టరు కట్టినవాడు రాత్రివేళ నొప్పి భరింపలేననినచో, వ్రేళ్ళను చాచినపుడు ప్రాణము పోవునట్లున్నదనినచో, కండరములలో ఒత్తిడి పెరిగి రక్తప్రసారము ఆగుచున్నదేమోయని వెంటనే పోయి కట్టు విప్పవలెను. కొన్ని గంటలు జాగుచేసినచో కాలే పోవచ్చును. అట్టివేళ పెద్ద డాక్టరును నిద్రలేపుటకు సంకోచింపరాదని మొదటిదినముననే చెప్పుదురు.

ఈ ఏర్పాటులో లోపము లేదనము. రెసిడెంట్లు కొన్ని మాసములకొకమారు మారిపోవుచుందురు. మాజీ సైనికుడు తన కథను ప్రతిసారియు కొత్త ముఖమునకు మొదటినుండి చెప్పుకొనవలసివచ్చును, విసుగుకొనుటలో తప్పులేదు. రికార్డులు కంప్యూటరులో ఉన్నను, ఆ మనిషి "ఫరవాలేదు" అన్నపుడు దాని యర్థమేమో అందులో నుండదు. అందుకే వెళ్ళిపోవు రెసిడెంటు వచ్చువానిని ఒక పూట తన వెంట త్రిప్పుకొని, రోగులకు పేరుపేరున పరిచయము చేయుట మంచిదని మా యభిప్రాయము.