రెయిన్‌బో బొప్పాయి

రెయిన్‌బో బొప్పాయి అమెరికాలోని హవాయి దీవులలో 1998 నుండి సాగులో ఉన్న జన్యుమార్పిడి బొప్పాయి రకము. రింగ్ స్పాట్ వైరసును తట్టుకొనుటకు దీనిని రూపొందించారు. ఒక జన్యువు పలకకుండా చేయు 'జన్యు నిశ్శబ్దీకరణ' పండ్ల తోటలను కాపాడిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

నేపథ్యము

రింగ్ స్పాట్ వైరసును పేనుబంక పురుగులు చెట్టు నుండి చెట్టుకు చేరవేస్తాయి. ఆకులు పసుపుబారి ముడుచుకొంటాయి, కాయలపై ఉంగరముల వంటి మచ్చలు పడతాయి, చెట్టు క్రమముగా క్షీణిస్తుంది. సోకిన చెట్టుకు మందు లేదు, నరికివేయవలసిందే. ఓహు దీవిలోని తోటలు ఈ తెగులుతో దెబ్బతినగా బొప్పాయి సాగు హవాయి దీవిలోని పునా ప్రాంతమునకు తరలిపోయింది. 1992లో వైరసు అక్కడికీ చేరింది. అప్పటికి రాష్ట్రములోని బొప్పాయిలో సుమారు 95 శాతము పునాలోనే పండేది. 1992లో అక్కడ 5.3 కోట్ల పౌన్లున్న దిగుబడి 1998 నాటికి సగమునకు పడిపోయింది.

రూపకల్పన

అదృష్టవశాత్తు పరిశోధన అంతకు ముందే, 1980లలో మొదలయింది. హవాయిలోనే పుట్టిన శాస్త్రజ్ఞుడు డెన్నిస్ గొన్సాల్వెస్ కార్నెల్ విశ్వవిద్యాలయములో తన సహచరులతో కలిసి, వైరసు పైతొడుగు ప్రోటీనుకు చెందిన జన్యువును 'జన్యు తుపాకీ' సాయముతో సన్‌సెట్ అను రకములో ప్రవేశపెట్టారు. అట్లు వచ్చిన ఎర్రగుజ్జు రకము సన్‌అప్. పునా రైతులకు అలవాటైన పసుపుగుజ్జు కపోహో రకముతో దానిని సంకరము చేయగా వచ్చినదే రెయిన్‌బో. 1998లో విత్తనములను రైతులకు ఉచితముగా పంచారు.

పనిచేయు విధానము

దీనిని టీకాతో పోల్చడము పరిపాటి. పోలిక సులువుగా అర్థమవుతుంది కాని సరియైనది కాదు. మొక్కలలో మనకున్నట్లు ప్రతిరక్షకములు ఉండవు. చొప్పించిన జన్యువు తయారుచేయు ప్రోటీనే రక్షణ ఇస్తున్నదని మొదట శాస్త్రజ్ఞులూ తలచారు. అసలు రక్షణ ఆర్‌ఎన్‌ఏ స్థాయిలో జరుగుతున్నదని తరువాత తేలింది. మొక్క కణము రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను శత్రువు జాడగా గుర్తించి, డైసర్ వర్గపు ఎంజైములతో 21 నుండి 24 న్యూక్లియోటైడుల ముక్కలుగా కత్తిరిస్తుంది. ఆ ముక్కలను ఆనవాలుగా పట్టుకొని, అదే వరుస కల ఆర్‌ఎన్‌ఏ ఎక్కడున్నా వెదకి ఛేదిస్తుంది. ఈ వైరసు జన్యుపదార్థము ఆర్‌ఎన్‌ఏయే కనుక, వృద్ధి చెందకముందే నశిస్తుంది. జంతుకణములలో ఇటువంటి ప్రక్రియను కనుగొన్నందుకే ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ బహుమతి లభించింది.

పరిమితులు, వివాదము

ఆనవాలు సరిపోలితేనే ఛేదన జరుగుతుంది. వేరు దేశములలోని వైరసు వరుసలు కొంత భిన్నముగా ఉండుట వలన అక్కడ రెయిన్‌బోకు తెగులు సోకుతుంది. కనుక ఈ వైరసు బెడద ఉన్న మన తెలుగు నేల బొప్పాయి తోటలకు హవాయి విత్తనము తెచ్చి నాటితే చాలుననుకొనుట పొరపాటు. పైగా ఇది సంకర రకము. పండులోని విత్తనములనే తిరిగి నాటితే నాలుగింట సుమారు ఒక మొక్కలో ఆ జన్యువే ఉండదు. పుప్పొడి పొరుగు తోటలకు చేరుతుందని సేంద్రియ రైతులు అభ్యంతరము తెలిపారు. ముఖ్య విపణియైన జపాను దీని దిగుమతిని 2011లో గాని అనుమతించలేదు.