గర్భిణికి బీపీ ఎందుకు పెరుగుతుంది? ముప్పు ఎవరికి ఎక్కువ?

ఐదో నెల దాటాక బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువగా ఉండి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే మన పెద్దవాళ్లు చెప్పే గుర్రపువాతం. ఇది దిష్టి తగిలి రాదు, గాలి సోకి రాదు. మీరు ఏదో తినడం వల్ల వచ్చిందీ కాదు. ఇంట్లో ఎవరైనా "అంతా నీ వల్లే" అంటే ఈ పేజీ చూపించండి.

అసలు మూలం మాయలో ఉంది. మొదటి నెలల్లో గర్భసంచి రక్తనాళాలు వెడల్పై మాయకు ధారాళంగా రక్తం ఇవ్వాలి. కొందరిలో అవి సరిగా వెడల్పు కావు. రక్తం చాలని మాయ నుంచి వచ్చే పదార్థాలు తల్లి ఒంట్లోని రక్తనాళాలను దెబ్బతీస్తాయి. దాంతో బీపీ పెరుగుతుంది, కిడ్నీలకు, కాలేయానికి, మెదడుకు ముప్పు, బిడ్డ ఎదుగుదల కూడా తగ్గొచ్చు.

తొలి కాన్పు, కవలలు, 35 దాటిన వయసు, అధిక బరువు, ముందు నుంచే బీపీ, షుగర్ లేదా కిడ్నీ జబ్బు, గత కాన్పుకు పదేళ్లకు పైగా ఎడం, అమ్మకో అక్కచెల్లెళ్లకో ఇది వచ్చి ఉండటం: వీటిలో ఏది ఉన్నా ముప్పు ఎక్కువ. గత కాన్పులో మీకే వచ్చి ఉంటే మరీ ఎక్కువ. "అప్పుడే తగ్గిపోయింది కదా" అని చాలామంది ఆ మాట చెప్పరు. మొదటిసారి వెళ్లినప్పుడే చెప్పండి. ముప్పు ఎక్కువున్నవారికి డాక్టర్ తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. అది 12 నుంచి 16 వారాల మధ్య మొదలైతేనే బాగా పనిచేస్తుంది. ఏడో నెలలో పేరు రాయించుకుంటే ఆ అవకాశం దాటిపోతుంది. సొంతంగా మాత్రం కొని వేసుకోవద్దు.

బీపీ పెరిగినా ఒంట్లో ఏమీ తెలియకపోవచ్చు. అందుకే బాగానే ఉన్నా ప్రతిసారీ బీపీ, మూత్ర పరీక్ష చేయించుకోండి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టర్ ఉచితంగా చూస్తారు. 14 వారాల నుంచి ఇచ్చే క్యాల్షియం మాత్రలు మానొద్దు. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోవద్దు, రెండు గంటల ఎడం ఉంచండి. కాన్పుకు పుట్టింటికి వెళ్తే తల్లీబిడ్డల కార్డు వెంట ఉండాలి. బీపీ ఎక్కువగా పెరిగేది కూడా ఆ చివరి నెలల్లోనే.

తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచడం, ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. పాతబస్తీ వాళ్లకు పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి దగ్గరే. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళంచెవులు పెట్టొద్దు. కాన్పయ్యాక కూడా ఆరు వారాల వరకు ఇది రావచ్చు. ఇంటికి వచ్చాక తలనొప్పిగా ఉంటే "నిద్ర చాలక" అనుకోకుండా బీపీ చూపించుకోండి.