అంకె చిన్నది... బిల్లు పెద్దది!

శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్ళిపోతుందంటారు. అలా వెళ్ళీ వెళ్ళగానే మా మేడ్చల్‌లో ఏసీల మోత మొదలవుతుంది. ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపడ్డ మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కలంతా ఇప్పుడు కాలనీలూ, అపార్ట్‌మెంట్లే. డాబా మీద పక్కలు వేసుకుని పడుకునే రోజులు పోయాయి. కిటికీలు బిగించుకుని, రిమోట్ దిండు కింద పెట్టుకుని పడుకునే రోజులొచ్చాయి. నెల తిరిగేసరికి కరెంటు బిల్లు చేతికొస్తుంది. ఇక ఆ నెలంతా ఇంట్లో అదే చర్చ!

ఈ బిల్లు తగ్గించుకునే మార్గం చాలావరకు మన వేళ్ళ కొసల్లోనే ఉంది. దాని పేరు థర్మోస్టాట్. పేరు కొత్తగా అనిపించినా ఏసీ, ఫ్రిజ్, గీజర్, ఇస్త్రీపెట్టె అన్నిటిలోనూ ఉండేది ఇదే. పాలు పొంగకుండా పొయ్యి దగ్గర నిలబడి మంట తగ్గించీ పెంచీ చూసుకునే ఇల్లాలి పనే ఇదీ చేస్తుంది. కావలసినంత వేడి లేదా చల్లదనం రాగానే యంత్రాన్ని ఆపుతుంది, అది తగ్గగానే మళ్ళీ నడిపిస్తుంది. చిక్కల్లా దానికి మనం చెప్పే తీరులోనే ఉంది.

ఒక్కోదానిదీ ఒక్కో భాష

మా పక్కింటి ఆవిడను అడిగాను, ‘ఏసీ ఎంతలో పెడతారు?’ అని. ‘పద్దెనిమిదిల పెడ్తమక్కా, తొందరగ చల్లవడ్తది గదా’ అంది. మనలో చాలామంది అనుకునేదీ ఇదే. కానీ పాత పద్ధతి ఏసీలో కంప్రెసర్‌కు ఒకటే వేగం. 18 పెట్టినా 24 పెట్టినా గది చల్లబడే వేగం ఒక్కటే. 24 పెడితే అక్కడికి రాగానే ఆగుతుంది, 18 పెడితే ఆగకుండా మోగుతూనే ఉంటుంది. మండు వేసవిలో తెల్లవార్లూ నడిచినా 18కి చేరకపోవచ్చు కూడా. ఇన్వర్టర్ ఏసీ అయితే మనం పెట్టిన అంకెకు దగ్గరవుతున్న కొద్దీ వేగం తగ్గించుకుంటుంది. 18 అన్నామంటే దానికి ఆ తీరికే దొరకదు.

ఇక ఫ్రిజ్ సంగతి దీనికి పూర్తిగా తిరకాసు. చాలా ఫ్రిజ్‌ల లోపల 1 నుంచి 7 దాకా అంకెలున్న మీట ఉంటుంది. అవి డిగ్రీలు కావు, చల్లదనం మెట్లు. అంటే ఏసీలో అంకె తగ్గితే చల్లదనం పెరుగుతుంది, ఫ్రిజ్‌లో అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది! ఒకే ఇంట్లో రెండు యంత్రాలు, రెండు ఎదురుబొదురు లెక్కలు. ‘ఎండాకాలం కదా, తక్కువలో పెట్టాను’ అని ఒకరు ఫ్రిజ్ మీటను ఒకటికి తిప్పితే పాలు విరిగిపోతాయి. చలికాలంలో ఏడు మీదే వదిలేస్తే కొత్తిమీర గడ్డకడుతుంది, కరెంటూ వృథా.

ఈ విషయంలో నాకు నచ్చింది ఇస్త్రీపెట్టె. దాని మీద నైలాన్, సిల్క్, ఉన్ని, నూలు అని బట్టల పేర్లే ఉంటాయి. ఎన్ని డిగ్రీలో మనకు అక్కర్లేదు, బట్ట చూసి తిప్పితే చాలు. మిగతా వస్తువులూ అలా ఉంటే ఎంత బాగుండును!

చదువుకున్న దేశాల్లోనూ ఇదే తంతు

మనకే అర్థం కావడం లేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మన పిల్లలు వెళ్ళి స్థిరపడుతున్న అమెరికాలో ఇంటికంతటికీ గోడ మీద ఒక థర్మోస్టాట్ ఉంటుంది. వేళల వారీగా దానంతటదే మారేలా అమర్చుకునే రకానికి అక్కడి ప్రభుత్వం పొదుపు గుర్తు ‘ఎనర్జీ స్టార్’ ఇచ్చేది. 2009 చివర్లో ఆ గుర్తును వెనక్కి తీసుకుంది. కారణం, అనుకున్న పొదుపు ఇళ్ళలో కనబడకపోవడమే. వాటిని అమర్చుకోవడం జనానికి అంత కష్టమైంది మరి. వస్తువు ఎంత గొప్పదైనా వాడే మనిషికి అర్థం కాకపోతే ఫలితం సున్నా.

మన దగ్గర ఇంధన సామర్థ్య సంస్థ, అదే బీఈఈ, ఒక మంచి పని చేయించింది. 2020 జనవరి నుంచి తయారైన స్టార్ గుర్తు ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన వచ్చింది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఆ సంస్థ లెక్క.

మెట్టు దాటితే మోతే

ఆరు శాతమే కదా అనుకోకండి. తెలంగాణలో 2022-23లో నిర్ణయించిన ఇళ్ళ టారిఫ్ ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల దాకా వాడే ఇంటికి మొదటి వందకు యూనిట్ 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసలు. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. అదే 201 అయితే మొదటి 200 కూడా 5 రూపాయల 10 పైసల లెక్కకు మారతాయి, ఆపై యూనిట్ 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు! స్థిర చార్జీలు వేరే. ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట.

2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో ఉన్నవారికి ఈ గీత ఇంకా ముఖ్యం. 200 లోపు అయితే బిల్లు సున్నా, దాటితే మొత్తం కట్టాల్సిందే.

ఓ ఇంట్లో నెలకు 220 యూనిట్లు, అందులో ఏసీకే 120 కాలుతున్నాయనుకుందాం. 20 మీదున్న ఏసీని 24కి మారిస్తే పాతిక యూనిట్ల దాకా తగ్గి 195కి వస్తుంది. 1,174 రూపాయల బిల్లు 796 అవుతుంది. నెలకు 378 రూపాయలు మిగిలినట్టే!

ఇలా చేసి చూడండి

* ఏసీ 24 మీద పెట్టి, సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. ఒంటికి గాలి తగిలితే రెండు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది. చంటిపిల్లలూ, పెద్దవాళ్ళూ ఉంటే 26 అయినా చాలు.

* రిమోట్ మీద ‘స్లీప్’ మీట వృథాకు లేదు. రాత్రి గడుస్తున్న కొద్దీ అది డిగ్రీ, రెండు డిగ్రీలు తానే పెంచుతుంది. తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునే పని తప్పుతుంది.

* ఫ్రిజ్‌లో ఓ గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ ఉంచి (జ్వరం చూసేది కాదు) మర్నాడు చూడండి. 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటే మీట సరైన చోట ఉన్నట్టే.

* గీజర్ నీళ్ళు మరిగేలా కాచి, బకెట్‌లో సగం చన్నీళ్ళు కలిపితే కాచిన వేడిలో కొంత వృథాయే. మీట బయటికి కనబడకపోతే మెకానిక్ సర్వీసుకు వచ్చినప్పుడు తగ్గించమనండి, మీరు మూత విప్పకండి. స్నానాలు అవ్వగానే స్విచ్ ఆపడం మరవకండి.

* చిన్న కాగితం మీద ‘24 చాలు’ అని రాసి రిమోట్ వెనక అంటించండి. ఫ్రిజ్ మీట పక్కన ‘పెంచితే చల్లన’ అని రాయండి. కంపెనీవాళ్ళు తెలుగులో రాసేదాకా మన రాతే మనకు దిక్కు!

ఇంకొక్క మాట. మీటర్ చూసేందుకు మనిషి వచ్చేదాకా ఆగకండి. బిల్లు వచ్చిన ఇరవయ్యో రోజున మీరే మీటర్ అంకె చూసి, పాత బిల్లులోని అంకె తీసేయండి. అప్పటికి 130 దాటి ఉంటే మిగిలిన పది రోజులు రిమోట్ మీ దగ్గరే ఉంచుకోండి. పిల్లలు అలిగినా సరే!