గోదారి ఇసుకలో ఇనుప గుండు కనబడితే

1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు ఈస్టర్ ఆదివారం నాడే జపాన్ విమానాలు కొలంబో మీద బాంబులు కురిపించాయి. ఆ కబురు ఇంకా ఊళ్లకు పూర్తిగా చేరకముందే రియూజో అనే చిన్నపాటి విమానవాహక నౌక బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని మీదనుంచి లేచిన విమానాలు కాకినాడ మీదా, విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. ఒజావా అనే అడ్మిరల్ నడిపిన ఆ దళం అదే రోజుల్లో ఈ తీరం పొడవునా సరుకు ఓడలను వెంటాడి, ఇరవైకి పైగా ఓడలను ముంచేసింది. తీరం ఊళ్ల జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు పరుగులు తీశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది.

ఆ దాడి గుర్తు ఒకటి ఇవాళ్టికీ కళ్లారా చూడొచ్చు. విశాఖ బీచ్ రోడ్డులో పాత డచ్ బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో, ఆనాడు నగరం మీద పడి పేలకుండా మిగిలిపోయిన జపాన్ బాంబును భద్రపరిచారు. చూడ్డానికి వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు కూడా దిగుతారు. అలా దిగొచ్చు, ఎందుకంటే మ్యూజియంలో పెట్టేది ప్రమాదం లేకుండా చేసిన డొల్లనే. కాలవ గట్టున, ఇసుక ర్యాంపులో, చేపల చెరువు తవ్వుతుంటే బయటపడే దానికి అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు.

రెండో ప్రపంచ యుద్ధంలో వేసిన బాంబుల్లో పదింట ఒకటి పేలలేదని నిపుణుల అంచనా. నేల మెత్తగా ఉన్నచోట ఆ అవకాశం ఇంకా ఎక్కువ. రాయి మీదో రోడ్డు మీదో పడితే ఆ దెబ్బకు పేలాల్సిన గుండు, ఒండ్రు మట్టిలో పడితే దెబ్బ తగలక అలాగే లోపలికి దిగబడిపోతుంది. తరవాత వరదలు దాని మీద మేట వేస్తాయి. ఇంకో వరద వచ్చి ఆ మేటను కోసుకుపోతుంది. కాకినాడ పక్కన ఉప్పాడ దగ్గర సముద్రం ఏటా గట్టును తినేస్తూనే ఉంది. అంటే గోదావరి డెల్టాలో భూమిలో ఉన్నది భూమిలోనే ఉండిపోతుందన్న భరోసా లేదు. దానికి తోడు ఎండాకాలం కాలవలు కట్టేశాక పూడిక తీసే పొక్లెయిన్లు, ఇసుక తోడే యంత్రాలు, రొయ్యల చెరువుల తవ్వకాలు, రేవులో డ్రెడ్జింగు. ఇన్ని చేతులు ఇన్ని చోట్ల నేలను తిరగేస్తున్నాయి.

పశ్చిమ బెంగాల్‌లో ఇలా బయటపడటం జరుగుతూనే ఉంది. 2018 డిసెంబరు చివర్లో కోల్‌కతా నేతాజీ సుభాష్ డాక్‌లో పూడిక తీస్తుంటే రెండో యుద్ధం నాటి పెద్ద బాంబు బయటపడి, నౌకాదళాన్ని పిలిపించాల్సి వచ్చింది. 2024 జులైలో ఝార్‌గ్రామ్ జిల్లా భులన్‌పూర్ అనే పల్లెలో పొలంలో ఒకటి దొరికితే ఊరివాళ్లను దూరంగా పంపించి దాన్ని నిర్వీర్యం చేశారు. 2025లో బీర్భూమ్ జిల్లాలో అజయ్ నది ఒడ్డున దొరికినదాన్ని సైన్యం వచ్చి పేల్చివేసింది. నది, ఇసుక, పల్లె: గోదావరి జిల్లాలవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా ఊహించుకోవాల్సింది కాదు.

ఇంకా పాతవీ ఉండొచ్చు. 1758 డిసెంబరులో పిఠాపురం, గొల్లప్రోలు దాపున చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ పెద్ద యుద్ధం జరిగింది. ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ గెలిచాడు, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ రాజమండ్రి వైపు పారిపోయాడు, ఆపైన ఫ్రెంచివాళ్లకు రాజమండ్రీ పోయింది, మరుసటేడు మచిలీపట్నం కోటా పోయింది. ఆ కాలం ఫిరంగి గుళ్లలో ఎక్కువ భాగం గట్టి ఇనుప ముద్దలు. వాటిలో మందు ఉండదు. కానీ లోపల బోలుగా ఉండి, తుపాకిమందు కూరి, వత్తి పెట్టి పేల్చే గుళ్లు కూడా ఆ రోజుల్లోనే వాడారు. తుప్పు, మట్టి కలిసి వత్తి రంధ్రం మూసుకుపోతే రెండింటికీ తేడా కంటికి తెలియదు. తుపాకిమందు నానినా, ఆరితే మళ్లీ పనిచేస్తుంది. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, అక్కడి అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును శుభ్రం చేస్తూ ఒకాయన చనిపోయాడు. ఆయన కొత్తవాడు కాదు, అలాంటి గుళ్లను ఏళ్ల తరబడి సేకరించి బాగుచేసిన మనిషి. ఆ గుండు వయసు అప్పటికి 140 ఏళ్ల పైమాటే.

"ఇన్నేళ్లు పేలనిది ఇప్పుడేం పేలుద్దిలే" అన్న మాట అందుకే మహా ప్రమాదకరమైన మాట.

ఎందుకో తెలియాలంటే ఫ్యూజు సంగతి కాస్త తెలుసుకోవాలి. ఫిరంగి గుండులో ఉండే ప్రధాన మందు, సాధారణంగా టీఎన్‌టీ, అంత తొందరగా రేగేది కాదు. దాన్ని రేపడానికి కొనలోనో మొదట్లోనో చిన్న యంత్రం లాంటి ఫ్యూజు ఉంటుంది. గోడౌనులో ఉన్నంతకాలం దానికి తాళాలు వేసినట్టే. గుండు ఫిరంగిలోంచి దూసుకెళ్లే కుదుపుకూ, గిరగిరా తిరిగే వేగానికీ ఆ తాళాలు ఒక్కొక్కటే ఊడిపోతాయి. విమానం నుంచి వేసే బాంబుకైతే గాలికి తిరిగే చిన్న రెక్క ఆ పని చేస్తుంది. అక్కణ్నుంచి అది సిద్ధంగా ఉన్నట్టు లెక్క. నేలను తాకగానే లోపలి సూది డిటొనేటర్‌ను పొడవాలి. ఏదో కారణాన పొడవలేదు, ఆ ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయింది. అంటే పేల్చి పేలని గుండు, అసలు పేల్చకుండా పెట్టెలో ఉన్న గుండు కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. పట్టి ఉంచిన స్ప్రింగు తుప్పు పట్టి ఏ క్షణాన విరుగుతుందో దాని మీద పనిచేసిన ఇంజనీరు కూడా చెప్పలేడు.

మందు కూడా ఊరుకోదు. పాత గుళ్లలో, ముఖ్యంగా జపాన్‌వాళ్లవాటిలో, పిక్రిక్ ఆమ్లం విరివిగా వాడారు. అది లోహంతో కలిసి ఏళ్ల మీద పిక్రేట్లు అనే లవణాలుగా మారుతుంది. వాటికి చిన్న రాపిడి చాలు. 2024 అక్టోబరు 2న జపాన్‌లోని మియాజకి విమానాశ్రయంలో, యుద్ధకాలంలో అమెరికా వేసిన బాంబు ఒకటి విమానాలు నడిచే దారి కింద దానంతటదే పేలింది. ఎవరూ తవ్వలేదు, ఎవరూ ముట్టుకోలేదు. 79 ఏళ్లు భూమిలో ఉండి పేలింది. అంతకు కాసేపటి ముందే ఆ పక్కనుంచి ఒక విమానం వెళ్లింది.

మరి చూడగానే గుర్తుపట్టడం ఎలా? రంగును నమ్ముకోవద్దు. సైన్యం రంగులను బట్టే ఏది శిక్షణది, ఏది అసలుది అని చెబుతుంది గానీ, నీళ్లలో నానినదాని మీద తుప్పే తప్ప రంగు మిగలదు. ఆకారమే ఆధారం. ఒక పక్క కొసదేలి, రెండో పక్క చదునుగా, మధ్య స్తంభంలా నున్నగా ఉన్న బరువైన ఇనుప వస్తువు ఫిరంగి గుండు కావచ్చు. దాని చదును పక్కకు దగ్గర్లో చుట్టూ ఒక రాగి పట్టీ ఉంటుంది. ఇనుమంతా ఎర్రగా తుప్పు పట్టినా ఈ పట్టీ పచ్చబారి విడిగా కనిపిస్తుంది. ఆ పట్టీ మీద ఏటవాలుగా గాట్లు ఉన్నాయంటే అది ఫిరంగిలోంచి వెళ్లినదే. అంటే ఇందాక చెప్పిన తాళాలన్నీ ఊడినదే. పొట్ట లావుగా ఉండి తోకకు చిన్న రెక్కలుంటే మోర్టార్ గుండు. చేతిలో ఇమిడేంత ఉండి, సీతాఫలం తోలులా గళ్లు గళ్లుగా ఉంటే చేతిబాంబు. అయితే ఈ వివరాలన్నీ దూరం నుంచి అనుమానించడానికే. దగ్గరికెళ్లి గాట్లున్నాయో లేవో చూడాలని మట్టి తుడవడం, నీళ్లు పోసి కడగడం, బరువు చూద్దామని ఎత్తడం ప్రాణాలతో చెలగాటం.

మన దగ్గర అసలు చిక్కు ఆ రాగి పట్టీ దగ్గరే ఉంది. రాగికి ధర ఉంది, ఇత్తడికి ధర ఉంది, ఇనుముకూ కిలోకు ఇంతని ఉంది. ఇలాంటివి దొరికేది చాలావరకు రోజుకూలీకి, చెత్తలో ఇనుము ఏరుకునే పిల్లాడికి, వలకు చిక్కితే జాలరికి. వాళ్ల కంటికి అది బాంబు కంటే ముందు డబ్బు. పాత ఇనుము కొట్టుకు చేరాక సుత్తి దెబ్బ పడుతుంది, లేదా గ్యాస్ కట్టర్ పెడతారు. ఇనుము కోసం కాకుండా ఊరికే తగిలినా ముప్పే. కాశ్మీర్‌లోని తోసామైదాన్ పచ్చిక బయళ్లు 1964 నుంచి 2014 దాకా సైన్యం కాల్పుల సాధన మైదానం. అక్కడ పశువుల కాపరులు, పుట్టగొడుగులు ఏరుకునేవాళ్లు, ఆడుకునే పిల్లలు పేలని గుళ్లు తగిలి పదుల సంఖ్యలో చనిపోయారు.

ఇనుము తుక్కు దారిలో బాంబు ఎంతదూరం వస్తుందో 2004 సెప్టెంబరు 30న దేశమంతా చూసింది. ఢిల్లీ పక్కన ఘాజియాబాద్ జిల్లా సాహిబాబాద్‌లోని ఉక్కు కర్మాగారంలో, విదేశాల నుంచి దిగుమతైన తుక్కులో ఉన్న గుండు పేలి పది మంది కార్మికులు చనిపోయారు. ఆ తరవాత దేశంలో అనేక చోట్ల తుక్కు గుట్టల్లో గుళ్లు, రాకెట్లు బయటపడ్డాయి. అప్పుడు కేంద్రం నిబంధనలు బిగించింది. తుక్కు ఓడెక్కే ముందే అందులో ఆయుధాలు, మందుగుండు లేవని తనిఖీ ధ్రువపత్రం ఉండాలంది. ముక్కలు చేయని తుక్కును కొన్ని రేవుల్లోనే దింపాలంది. విదేశీ తుక్కుకు ఆ కాపలా వచ్చింది. ఊళ్లో తోపుడు బండి మీద వచ్చే తుక్కుకు మాత్రం కొట్టు యజమాని కళ్లే కాపలా. మునిసిపాలిటీ, పోలీసులు కలిసి ప్రతి పాత ఇనుము కొట్టులో గుళ్ల బొమ్మలున్న ఒక పోస్టరు అంటించినా చాలా ప్రాణాలు నిలబడతాయి. ఇందుకు పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

సముద్రం సంగతి వేరు. 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గరలోనే అడుగున పడి ఉంది. కాకినాడ తీరం నౌకాదళం సాధన చేసే చోటు. 2019 నవంబరులో అమెరికాతో కలిసి చేసిన టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు ఇక్కడా జరిగాయి. ఎక్కడి సముద్రంలోనైనా సాధనలో వాడే పొగ డబ్బాలు, సంకేతాల గొట్టాలు ఒడ్డుకు కొట్టుకురావడం మామూలే. వాటిలో కొన్నింట్లో భాస్వరం ఉంటుంది. తెల్ల భాస్వరం తడిగా ఉన్నంతసేపు ఊరుకుని, ఆరగానే గాలి తగిలి దానంతటదే అంటుకుంటుంది. ఒడ్డున దొరికిన వింత డబ్బాను ఇంటికి తెచ్చి ఎండలో పెట్టకూడదనేది ఇందుకే. వలలో అనుమానంగా బరువైనది కనబడితే పడవ మీదకు లాగకూడదు, రేవుకు అసలు తేకూడదు. వల కోసి వదిలెయ్యమని చెప్పడం తేలికే గానీ, ఆ వల మీద అప్పు ఉన్న జాలరికి అది చిన్న విషయం కాదు. అలా నష్టపోయినవారికి వల ఖరీదు చెల్లించే పద్ధతి ప్రభుత్వం పెట్టాలి. వల వదిలిన చోటు గుర్తుపెట్టుకుని కోస్ట్ గార్డ్ నంబరు 1554కు చెప్పాలి.

నేల మీదైతే పని ఇంకా సులువు. పొక్లెయిన్ బకెట్టుకు ఏదో గట్టిగా తగిలి, కొసదేలిన ఇనుము కనబడిందంటే డ్రైవరు అక్కడికక్కడ ఆపేయాలి. బకెట్టులోకి వచ్చేసి ఉంటే దించే ప్రయత్నం చేయకుండా, కదిలించకుండా దిగిపోవాలి. ఇంజను సంగతి చూద్దాంలే అని ఆగకూడదు. వచ్చిన దారినే వెనక్కి నడవాలి. వంద మీటర్ల దూరం కనీసం, పెద్దదైతే ఇంకా ఎక్కువ. గట్టో గోడో చాటున ఉంటే మంచిది, ముక్కలు చాలా దూరం ఎగురుతాయి. ఫోను అక్కడ నిలబడి కాకుండా దూరంగా వచ్చాకే తీయాలి. దారిలో ఒక గుడ్డో కొమ్మో కట్టి గుర్తు పెట్టాలి, పిల్లలనూ పశువులనూ అటు పోనివ్వకూడదు. నీళ్ల బకెట్టులో వేయడం, మళ్లీ పూడ్చేయడం, ఏట్లోకి విసిరేయడం, మోటారు సైకిలు మీద పెట్టుకుని స్టేషనుకు మోసుకెళ్లడం: మన పేపర్లలో తరచూ కనిపించే ఈ నాలుగు పనులూ మంచి ఉద్దేశంతో చేసేవే, నాలుగూ ప్రాణం తీసేవే.

112కు ఫోను చేసినప్పుడు ఊరు, దగ్గరి గుర్తు, వస్తువు ఎంత పొడవుంది, ఎవరైనా కదిపారా అన్నది చెబితే చాలు. పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామన్న భయంతో చాలామంది నోరు విప్పరు. దొరికిందని చెప్పడం నేరం కాదు. దాచుకోవడం, అమ్మడం మాత్రం 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి రావచ్చు. ముందు జిల్లా పోలీసుల బాంబు స్క్వాడ్ వస్తుంది. సైన్యం వాడే గుండు అని తేలితే సైన్యం బృందాన్నో, విశాఖ తూర్పు నౌకాదళం నిపుణులనో పిలిపిస్తారు. కొన్నిసార్లు అందుకు ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ కాపలా నిలబడే కానిస్టేబులుకు ఊరు సహకరించాలి, చూడ్డానికి గుంపుగా వెళ్లకూడదు.

వచ్చిన బృందం చాలాసార్లు దాన్ని విప్పదు. కదపడం క్షేమం కాదనుకుంటే అక్కడే చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, పక్కన చిన్న మందు పెట్టి, దూరం నుంచి పేల్చేస్తుంది. చప్పుడు వినబడగానే పని అయిపోయిందని ఎవరూ పరిగెత్తకూడదు. ముక్కలన్నీ ఏరి, మిగిలిన మందు లేదని బృందం చెప్పాలి. ఒక గుండు దొరికిన చోట రెండోది ఉండే అవకాశం ఉంది కాబట్టి, చుట్టుపక్కల లోహశోధక యంత్రంతో వెతికిన తరవాతే ఆ కాలవలో, ఆ ర్యాంపులో మళ్లీ బకెట్టు దించాలి. గుత్తేదారుకు ఒకరోజు పని ఆగినందుకు ఎంత తొందర ఉన్నా సరే.