గ్రంథాలయ విద్యార్థి, గణకయంత్రం

గ్రంథాలయంలో పుస్తకం ఉండటం వేరు, అది చదువరికి దొరకటం వేరు. వేల పుస్తకాల నడుమ ఫలానా పుస్తకం ఎక్కడ ఉన్నదో చెప్పే సాధనం లేకపోతే, అది ఉన్నా లేనట్టే. ఆ సాధనమే సూచిక. పూర్వం ప్రతి పుస్తకానికీ గ్రంథకర్త పేర ఒకటి, గ్రంథం పేర ఒకటి, విషయం పేర ఒకటి చొప్పున కార్డులు వ్రాసి, చెక్క సొరుగులలో అక్షరక్రమాన పేర్చేవారు. నేడు ఆ పనిని చాలాచోట్ల గణకయంత్రం, అనగా కంప్యూటరు, చేస్తున్నది. అందుచేత గ్రంథాలయ శాస్త్రం చదివే విద్యార్థి వర్గీకరణతో పాటు సమాచార సాంకేతిక విజ్ఞానంలో ప్రాథమిక పాఠాలు కూడా నేర్చుకోవలసి వస్తున్నది.

ఈ పాఠాలనగానే మీటలు నొక్కటం, తెరమీద బొమ్మలు కదిలించటం అని కొందరు అనుకొంటారు. అది పైపై నేర్పు మాత్రమే. యంత్రానికి ఏమి తెలుసు, ఏమి తెలియదు అన్నదే విద్యార్థి మొట్టమొదట గ్రహించవలసిన విషయం. దీనిని మదనపల్లె, పుంగనూరు, కుప్పం అనే మూడు ఊళ్ల పేర్లతోనే పరీక్షించి చూడవచ్చు.

అక్షరానికి ఒక అంకె

గణకయంత్రానికి అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి రెండే స్థితులు: విద్యుత్తు ఉన్నది, లేదు. వీటిని 1, 0 అని వ్రాస్తారు. ఇట్టి ఒక్కొక్క గుర్తు ఒక బిట్టు. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఏ అక్షరాన్ని దాచుకోవాలన్నా యంత్రం దానిని ముందు సంఖ్యగా మార్చుకోవాలి. ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్నది మనుష్యులు కూర్చుని చేసుకొన్న ఒప్పందం. ఆ ఒప్పందాలలో నేడు లోకమంతా వాడేది యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికినది. 3072 మొదలు 3199 వరకు గల 128 స్థానాలను తెలుగు లిపికి కేటాయించారు.

ఈ పట్టిక ప్రకారం ‘క’ 3093, ‘ప’ 3114, ‘మ’ 3118. కొమ్ముకు 3137, పొల్లుకు 3149, సున్నకు 3074. కాబట్టి ‘కుప్పం’ అన్న పేరు యంత్రం లోపల ఇలా ఉంటుంది: 3093, 3137, 3114, 3149, 3114, 3074. మొత్తం ఆరు సంఖ్యలు. అదే పేరును పాత పద్ధతిలో ‘కుప్పము’ అని వ్రాస్తే చివరి సున్న పోయి, దాని స్థానంలో 3118, 3137 వస్తాయి. అప్పుడవి ఏడు సంఖ్యలు. మన కంటికి ఊరు ఒక్కటే. యంత్రానికి మాత్రం ఇవి రెండు వేర్వేరు వరుసలు. ఒక దానిని అడిగితే రెండవది తనంతట తానుగా చూపదు.

కుప్పం తెలుగు, తమిళ, కన్నడ దేశాలు కలిసే చోట ఉన్నది. ద్రావిడ భాషల అధ్యయనం కొరకు 1997లో అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఇటువంటి తావున సూచిక పలు లిపులలో ఉండక తప్పదు. తెలుగు ‘క’కూ కన్నడ ‘క’కూ రూపంలో ఎంతో దగ్గరి పోలిక ఉన్నది. ఐనా కన్నడ ‘క’ సంఖ్య 3221; మన ‘క’ సంఖ్యకు సరిగా 128 ఎక్కువ. అందువల్ల రెండు భాషల పుస్తకాలు ఒకే సూచికలో ఉన్నా లిపులు కలగాపులగం కావు.

యూనికోడ్ వాడుకలోకి రాకముందు చాలామంది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు రూపాలు తొడిగి పని గడుపుకొన్నారు. తెరమీద తెలుగు చక్కగానే కనబడేది. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలు. ఆ అచ్చుల కూర్పు లేని మరొక యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. అటువంటి పాత జాబితా ఏదైనా చేతికి వస్తే, దానిని ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఆ తరువాతనే సూచికలో చేర్చాలి.

వెదకటంలోని కిటుకు

సూచికలో 20,000 పేర్లు ఉన్నాయనుకొందాం. అవి క్రమం లేకుండా ఉంటే, కావలసిన పేరు కొరకు ఒక్కొక్కటిగా 20,000 పేర్లూ చూడవలసి రావచ్చు. అక్షరక్రమంలో ఉంటే సరిగ్గా నడుమనున్న పేరును చూచి, మనకు కావలసినది దానికి ముందో వెనుకో తేల్చుకోవచ్చు. ఒక్క చూపుతో సగం పేర్లు తొలగిపోతాయి. మిగిలిన 10,000లో మళ్లీ సగం. ఇలా 15 సార్లు చూచేసరికి పేరు దొరకవలసిందే. లేదా లేదని తేలవలసిందే. రెండును పదిహేను మార్లు వేసి హెచ్చిస్తే 32,768 వస్తుంది గనుక, అంతకు ఒకటి తక్కువ వరకు పేర్లు ఉన్నా ఆ పదిహేను చూపులే చాలు. నిఘంటువులో మాట వెదకేటప్పుడు మనం చేసేదీ ఇంచుమించు ఇదే.

యంత్రపు వేగంలో కొంత విద్యుత్తుది, కొంత ఈ క్రమానిది. చదువరి కాలం వృథా కాకూడదన్నది 1931లో ఎస్. ఆర్. రంగనాథన్ ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాలలో నాలుగవది. కార్డుల కాలంలో పుట్టిన ఆ సూత్రమే నేటి యంత్రానికీ వర్తిస్తున్నది.

సంఖ్యలో తప్పు, పేరులో తప్పు

నేటి పుస్తకాల వెనుక అట్టమీద 13 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అందులో చివరి అంకె కాపలాదారు. అంకెలను ఎడమనుంచి వరుసగా 1, 3, 1, 3 చొప్పున హెచ్చించి కూడితే మొత్తం పదితో నిశ్శేషంగా భాగింపబడాలి. 9780306406157 అన్న సంఖ్యను ఇలా కూడితే సరిగా 100 వస్తుంది. ఏ ఒక్క అంకెను మార్చి వ్రాసినా మొత్తం చెడుతుంది. యంత్రం వెంటనే తప్పని చెబుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా చాలావరకు పట్టుకొంటుంది. ఆ రెంటి భేదం 5 ఐనప్పుడు మాత్రం తప్పు తప్పించుకొంటుంది.

పేర్లకు ఇటువంటి కాపలాదారు లేడు. ‘మదనపల్లె’ అని వ్రాసినా ‘మదనపల్లి’ అని వ్రాసినా యంత్రం మారుమాటాడక పుచ్చుకొంటుంది. పుంగనూరు ‘పుంగనూర్’ ఐనా అంతే. కాబట్టి పేర్ల బాధ్యత పూర్తిగా మనిషిది.

వ్యక్తుల పేర్లతో చిక్కు మరింత ఎక్కువ. 1915లో స్థాపించిన మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కళాశాలకు 1919లో రవీంద్రనాథ ఠాగూరు వచ్చి, అక్కడే జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. తెలుగులో ఆయన పేరు ఠాగూరు, టాగూర్, ఠాకూర్ అని పలు విధాల కనబడుతుంది. 1895లో మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పేరు కొన్ని పుస్తకాలమీద జె. కృష్ణమూర్తి అని ఉంటుంది. దీనికి ఉపాయం కార్డుల నాటిదే: ఒక రూపాన్ని ప్రమాణంగా నిర్ణయించి, తక్కిన రూపాల కింద ‘ఠాకూర్: ఠాగూరు చూడుము’ అని వ్రాయటం. 1960లలో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయంలో హెన్రియెట్ ఎవ్రమ్ రూపొందించిన ‘మార్క్’ పద్ధతిలో ప్రతి వివరానికీ ఒక గడి సంఖ్య ఉన్నది. గ్రంథకర్తకు 100, గ్రంథనామానికి 245, విషయమైన స్థలనామానికి 651. ప్రమాణ నామాల జాబితాలో మారురూపాలకు కూడా వేరే గడులు ఉన్నాయి. అవి నింపితే చదువరి ఏ రూపంతో అడిగినా ఒకే చోటికి చేరుతాడు.

ఊరు కదలదు, జిల్లా మారుతుంది

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోను ఉండేవి. 2022 పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరినది. అందుచేత 1905 నాటి పుస్తకం, 1960 నాటి పుస్తకం, 2023 నాటి పుస్తకం ఒకే ఊరిని గురించి చెబుతూ మూడు జిల్లాల పేర్లు చెప్పవచ్చు. జిల్లా పేరును మాత్రమే ఎక్కించిన సూచికలో ఊరి చరిత్ర మూడు ముక్కలవుతుంది. ఊరి పేరును ప్రమాణంగా ఉంచి జిల్లాను దానికి అనుబంధంగా చేరిస్తే ఈ నష్టం ఉండదు.

మాట దొరికినంత మాత్రాన విషయం దొరికినట్టు కాదు. ‘పుంగనూరు’ అని అడిగితే జమీందారీ చరిత్ర, ఆ పేరుతో ప్రసిద్ధమైన పొట్టి ఆవుల పెంపకం కలిసి వస్తాయి. డ్యూయీ వర్గీకరణలో పశువులకు 636.2, ఆంధ్రదేశ చరిత్రకు 954.84 అని వేర్వేరు సంఖ్యలు ఉన్నాయి. విద్యార్థి నేర్చిన పాత వర్గీకరణ శాస్త్రం ఇక్కడ యంత్రానికి లేని వివేకాన్ని సమకూరుస్తుంది.

2000లో న్యూజీలండులో వాడుకకు వచ్చిన ‘కోహా’ వంటి గ్రంథాలయ కార్యక్రమాలు ఉచితంగానే లభిస్తున్నాయి. అందువల్ల చిన్న ఊరి గ్రంథాలయానికి కూడా యంత్ర సూచిక అందుబాటులోనిదే. దానిలో ఎక్కించే పేర్లను నిర్ణయించే జాగ్రత్త మాత్రం కొనితెచ్చుకొనేది కాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభంగా చూపవచ్చు. పాఠశాల గ్రంథాలయంలోని ముప్పది పుస్తకాలను ఇద్దరు విద్యార్థుల చేత, ఒకరిది ఒకరు చూడకుండా, విడివిడిగా జాబితా వ్రాయించాలి. తరువాత రెండు జాబితాలను అక్షరం అక్షరం పోల్చి, గ్రంథకర్తల పేర్లు ఎన్నిచోట్ల తేడాగా ఉన్నాయో లెక్కించాలి. తేడా వచ్చిన ప్రతి పేరూ, యంత్రంలో ఎక్కిస్తే, ఏదో ఒక చదువరికి దొరకకుండా పోయే పుస్తకమే.