వై-ఫైకి పెద్ద ఏరియల్: లాభమెక్కడిది?

డాబా మీద రెండు వెదురు గడలు నాటి, వాని నడుమ రాగితీగ కట్టి, దాని కొసను కిటికీ గుండా రేడియో పెట్టెకు దింపుకొనుట ఒకప్పుడు మన ఇండ్లలో వాడుక. తీగ ఎంత ఎత్తున, ఎంత పొడవున ఉన్న అంత మంచిదని అందరును ఎరుగుదురు. ఆనాటి రేడియోకు ఆ మాట చాలవరకు చెల్లినది. దానినే వై-ఫైకి అన్వయించి, బజారులో కనబడిన అన్నిటికంటె పొడుగాటి యాంటెన్నాను తెచ్చి బిగించిన పిదప, మేడ మీద ఉన్న కాస్త సంకేతము కూడ పోయినదేమని ఆశ్చర్యపడువారు కలరు. ఇట్లేల జరుగునో విచారింతము.

జగ్గయ్యపేట, నందిగామ పట్టణములు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నను, నలుగురి నోట అది నేటికిని కృష్ణా మెట్ట ప్రాంతమే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌నెట్ మొదలుకొని పలు సంస్థల గాజుతీగలు కరెంటు స్తంభముల మీదుగా మన వీధులకు వచ్చినవి. తీగ వచ్చునది వీధి వాకిటికి. రౌటరును అక్కడనే గోడకు కొట్టి పోవుదురు. వీధివైపు దుకాణము, దాని వెనుక వరుసగా గదులు, ఆపై పెరడు, మీద మేడ గది — ఇట్టి ఇంట చదువుకొను పిల్లలకు దక్కునది సాధారణముగా ఆ మేడ గదియే. పరీక్ష నడుమ తెర నిలిచిపోయిన యెడల వానికి కలుగు నష్టము చిన్నది కాదు. ఆస్పత్రికి పోలేని వృద్ధులు దూరపు వైద్యునితో తెరపై మాటలాడు ఇండ్లలోను ఇంతే.

చిక్కంతయు 'గెయిన్' అను మాటలో ఉన్నది. దానికి లాభమని అర్థము చెప్పుకొనుటతో, వ్యాపారమునందు వలె పెట్టినదానికంటె ఎక్కువ వచ్చునని భ్రమ కలుగును. యాంటెన్నా శక్తిని పుట్టింపజాలదు. రౌటరు ఇచ్చిన శక్తిని ఏ దిక్కునకు ఎంత పంచవలెనో నిర్ణయించుటయే దాని పని. జొన్నపిండి ముద్దను అరచేత తట్టిన రొట్టె వెడల్పగును, మందము తగ్గును. పిండి మాత్రము గింజయెత్తు పెరుగదు. నిలువుగా నిలిపిన కడ్డీ యాంటెన్నా గెయిన్ పెరిగిన కొలది తరంగములు ఆ రొట్టెవలె నలుదిక్కుల చదునుగా పరచుకొనును. దానితో క్రిందికిని మీదికిని పోవునది తగ్గును.

లెక్కకు వత్తము. గెయిన్‌ను డెసిబెల్‌లలో చెప్పుదురు. 3 డెసిబెల్‌లు పెరిగిన శక్తి రెండింతలు, 6 పెరిగిన నాలుగింతలు. 2 డెసిబెల్‌ల చిన్న కడ్డీకి బదులు 8 డెసిబెల్‌లది పెట్టిన, అడ్డములేని ఆరుబయట సంకేతము రెండింతల దూరము పోవును. అదియు ఆ చదును తలములోనే. పెరటి అరుగుమీద కూర్చున్నవారికి మేలు. నడినెత్తిన ఉన్న మేడ గదికి కీడు. మేడకు పంపవలెనన్న రౌటరు కడ్డీలలో ఒకదానిని అడ్డముగా వాల్చి చూడుడు. ఖర్చులేని వైద్యమిది, పలుమారు పనిచేయును.

గోడల సంగతి మరువరాదు. విజయవాడ ఆకాశవాణి మధ్యతరంగము 837 కిలోహెర్ట్‌జులది. దాని నిడివి సుమారు 358 మీటర్లు. అంత పొడవు గల అల కొండలనే చుట్టుకొని పోగలదు. వై-ఫై వాడు 2.4 గిగాహెర్ట్‌జుల అల నిడివి పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడైనను లేదు. 5 గిగాహెర్ట్‌జులది అందులో సగమునకు తక్కువ. ఇనుప చువ్వల స్లాబు, బీరువా, నిలువుటద్దము, నీళ్ల ట్యాంకు — ఇవన్నియు దానికి గోడలే. రౌటరును బీరువా చాటునుండి తీసి ఇంటి నడుమ ఎత్తున పెట్టుట కొత్త యాంటెన్నాకంటె మేలని మా అభిప్రాయము.

యాంటెన్నాను డాబామీద పెట్టి సన్నని తీగతో క్రిందనున్న రౌటరుకు కలుపుట మరియొక పొరపాటు. ఈ తరంగములకు సన్నని తీగ మీటరుకు ఇంచుమించు ఒక డెసిబెల్ మింగును. పది మీటర్లలో కొన్న గెయినంతయు హరించును. పెట్టెనే పైకి చేర్చి, దానివరకు ఈథర్నెట్ తీగ లాగుట మంచిది. అది 100 మీటర్ల వరకు నిక్షేపముగా పనిచేయును. నిజము చెప్పవలెనన్న, మేడ గదికి ఒక ఈథర్నెట్ తీగయు రెండవ పెట్టెయు ఉన్నచో పెద్ద యాంటెన్నా ప్రసక్తియే రాదు.

మరి హెచ్చు గెయిన్ యాంటెన్నా ఎక్కడ అక్కరకు వచ్చును? ఊరిలోని ఇంటినుండి మిరపతోటలోని పాకకు సంకేతము పంపవలసినపుడు. టార్చిలైటులో బల్బు వెనుక అద్దమువలె, పలకవంటి యాంటెన్నా తరంగములను ఒకే దిక్కున కూర్చును. రెండు కొసల రెండు యాంటెన్నాలు ఒకదానినొకటి చూచుచుండవలెను. యాంటెన్నా నోరే కాదు, చెవి కూడ. పంపునపుడు ఎంత లాభమో వినునపుడును అంతే. పంపు శక్తిని మాత్రమే పెంచు యంత్రములకు ఈ గుణము లేదు. అవి కేకను పెంచును. అవతలనుండి ఫోను పలుకు సన్నని బదులు వాని చెవిని పడదు. ఒక కిలోమీటరు దూరమునకు నడిమధ్యన, చూపు గీతకు చుట్టును అయిదున్నర మీటర్ల మేర ఖాళీ ఉండవలెను. మామిడితోపు అడ్డమున్న, అందును వానకు తడిసిన ఆకులున్న, ఆశ వదలుకొనవలసినదే.

ఈ పద్ధతితోనే పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ వారు 'అశ్విని' అను పేర ఎత్తైన స్తంభములపై యాంటెన్నాలు నిలిపి గ్రామములను కలిపిరి. 2007లో వెనెజులా దేశమున పర్వతాగ్రములనుండి 382 కిలోమీటర్ల దూరము వై-ఫై సంకేతము నడిపిరి. మనకంత అక్కరలేదు.

డాబాపై నిలిపిన దేనికైనను పిడుగునుండి రక్షణగా ఎర్త్ తీగ తప్పనిసరి. చట్టమును కూడ చూచుకొనవలెను. 2.4 గిగాహెర్ట్‌జుల పట్టీలో లైసెన్సు అక్కరలేదని ప్రభుత్వము 2005లో ప్రకటించినది. ఐనను యాంటెన్నా గెయిన్‌తో కలిపి వెలువడు శక్తి 4 వాట్లు మించరాదు. వాటులో పదవ వంతు శక్తి గల రౌటరుకు 16 డెసిబెల్‌ల యాంటెన్నాతోనే ఆ హద్దు ముట్టును. 24 డెసిబెల్‌ల జల్లెడ యాంటెన్నా పెట్టిన అది 25 వాట్లగును. అట్టివారు రౌటరు అమరికలలో ట్రాన్స్‌మిట్ పవర్ అను చోట శక్తిని ఆ మేరకు తగ్గించుకొనవలెను.